వాన మారిందా, బేరం మారిందా? – మెదక్ సీమ పత్తి చరిత్ర

కరువు వస్తే ఆకాశాన్ని, వరద వస్తే ఏటిని నిందించడం పాలకవర్గాలకు పూర్వంనుంచీ వున్న అలవాటే. ఆకాశం ఎదురు మాట్లాడదు. ఏరు సాక్ష్యం చెప్పదు. ఈనాడు ఆ పాత అలవాటుకు కొత్త పేరు దొరికింది: వాతావరణ మార్పు. పత్తి కాయ కుళ్లితే వాతావరణ మార్పు, రైతు అప్పులపాలైతే వాతావరణ మార్పు, మిల్లుకు సరుకు చాలకపోతే వాతావరణ మార్పు. దీనికి మందు కూడా అదే నోటితో చెబుతున్నారు: మరింత కొత్త విత్తనం కొనండి!

వాతావరణం మారడం లేదని చెప్పడం మా ఉద్దేశం కాదు. అది మారుతున్నది. రెండు శతాబ్దాలుగా బొగ్గును, చమురును తగులబెట్టి లాభాలు గడించిన పారిశ్రామిక వ్యవస్థ దానికి మూలకారణం. మొట్టమొదట ఆ బొగ్గుతో నడిచిన పెద్ద పరిశ్రమల్లో మాంచెస్టరు నూలు మిల్లులు కూడా వున్నాయనే సంగతి పత్తి చరిత్ర చదివేవారు మరువరాదు. మేము అడిగే ప్రశ్న వేరు. మారిన వాన దెబ్బ పత్తి రైతు మీదనే ఇంత బలంగా ఎందుకు పడుతున్నది? అదే వానకు తడిసిన విత్తన వ్యాపారి, అడ్తిదారు, మిల్లు యజమాని ఎందుకు ఆరిపోయి బయటపడుతున్నారు? దీనికి వాతావరణ శాస్త్రం సగం జవాబే చెప్పగలదు. మిగతా సగం చరిత్ర చెప్పాలి.

మెదక్ పట్టణాన్నే తీసుకుందాం. బయటివారు ఈ ఊరికి చర్చి చూడడానికి వస్తారు. 1914లో మొదలై 1924లో పూర్తయిన ఆ కట్టడాన్ని కరువు కాలంలో అన్నానికి పనిగా కట్టించారని ఇక్కడి ప్రజల జ్ఞాపకం. పట్టణానికి దగ్గరలో మంజీర మీద 1905లో కట్టిన ఘనపురం ఆనకట్ట వుంది. అంటే ఈ సీమకు కరువు కొత్త కాదు, దానితో పోరాటమూ కొత్త కాదు. ఇక రైలు సంగతి. సికింద్రాబాదు – మన్మాడు మార్గం 1900 ప్రాంతంలోనే ఈ జిల్లా గుండా, అక్కన్నపేట మీదుగా వెళ్లింది. అక్కన్నపేటనుంచి మెదక్ పట్టణానికి పట్టుమని ఇరవై కిలోమీటర్లు లేవు. అయినా ఆ కాస్త దూరానికి పట్టాలు వేసి రైలు నడపడానికి 2022 సెప్టెంబరుదాకా ఆగవలసి వచ్చింది. మూడేళ్లు తిరగకుండానే, 2025 ఆగస్టు చివర మెదక్, కామారెడ్డి జిల్లాలను ముంచెత్తిన కుండపోతలో ఆ మార్గంలోనే నీరు పట్టాలకెక్కింది. శతాబ్దం ఆలస్యంగా వచ్చిన రైలును ఒక్క వాన ఆపివేసింది. వాన బలం ఎంతో, పాలకుల అలక్ష్యం ఎంతో ఈ రెండు సంగతులూ కలిపి చూస్తేనే తెలుస్తుంది. పత్తి కథ కూడా ఇలాంటిదే.

ఈనాటి మెదక్ జిల్లాలో వరిదే పైచేయి. దాని తర్వాతిది పత్తి. 2016లో విడిపోయిన పాత మెదక్ జిల్లా మొత్తాన్ని, అంటే సంగారెడ్డి, సిద్దిపేట జిల్లాలను కూడా కలిపి చూస్తే, లక్షలాది ఎకరాల మెట్టలో వానాకాలమంతా పత్తే కనబడుతుంది. ఈ పత్తి ఎప్పటిది? ఎక్కడిది?

మన పూర్వులు సాగు చేసిన పత్తి వేరు. అది దేశవాళీ జాతి. నల్లరేగడిలో కంది సాళ్లతోనూ, జొన్నతోనూ కలిపి వేసేవారు. దాని తల్లివేరు లోతుకు దిగుతుంది. బెట్ట వస్తే మొక్క ఎదుగుదల ఆపి ఓపిక పడుతుంది. మళ్లీ చినుకు పడితే చిగురిస్తుంది. పచ్చదోమ వంటి రసం పీల్చే పురుగులకు అంత తేలికగా లొంగదు. దిగుబడి తక్కువే, పింజ పొట్టిదే. అయితే ఆ పింజను వడికింది ఆవిరి యంత్రం కాదు, ఆడవారి చెయ్యి. గింజ తీసేవారు, దూది ఏకే దూదేకులవారు, రాట్నం తిప్పే స్త్రీలు, నేసే పద్మశాలీలు అందరూ ఒక సంతకు నడిచి వెళ్లే దూరంలో వుండేవారు. ఒక ఏడు పత్తి తగ్గితే బట్ట తగ్గేది. పక్క సాలులోని కంది, జొన్న కడుపు నింపేవి.

పొట్టి పింజతో ముతక బట్టే వస్తుందనే వాదం మిల్లుల వాదం. శ్రీకాకుళం జిల్లా పొందూరులో స్త్రీలు దేశవాళీ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, నూరో నంబరు సన్న నూలు వడికారు. గోల్కొండ రాజ్యపు బట్టల కోసమే డచ్చివారు 1606లో, ఆంగ్లేయులు 1611లో మచిలీపట్నంలో వ్యాపార స్థావరాలు నెలకొల్పారు. ప్రపంచం ఆనాడు మన దగ్గరకు వచ్చింది బట్ట కొనడానికి. దూది కొనడానికి కాదు.

ఇలా చెప్పినంతమాత్రాన అది స్వర్ణయుగమని ఎవరూ భ్రమపడరాదు. జాగీర్దారు, దేశ్‌ముఖ్ ఆ చేనుమీద కూర్చునే వున్నారు. దూదేకులవాడూ, సాలెవాడూ వెట్టి చాకిరీకి తల వంచినవారే. మనం గ్రహించవలసింది ఒక్కటే. ఆ పత్తికీ, ఇక్కడి వానకూ, ఇక్కడి చేతి పనిముట్టుకూ మధ్య శతాబ్దాల పొందిక వుండేది. ఆ పొందికను చెడగొట్టింది వాతావరణం కాదు.

చెడగొట్టింది లాంకషైరు యంత్రం. అమెరికా బానిసల చెమటతో పండిన పొడుగు పింజకు అలవాటుపడిన ఆ యంత్రానికి మన పత్తి పనికిరాలేదు. మన దూదిని మార్చడానికి ఈస్టిండియా కంపెనీ 1840లో అమెరికానుంచి తోటల యజమానులనే పిలిపించింది. కోయంబత్తూరులో రాబర్ట్ వైట్ అనే శాస్త్రజ్ఞుని పర్యవేక్షణలో ఏళ్ల తరబడి ప్రయోగాలు జరిగాయి. ఒక్క ధార్వాడ ప్రాంతంలో తప్ప అమెరికా మొక్క మన వర్షాధార భూముల్లో చెప్పుకోదగినట్లు నిలదొక్కుకోలేదు. రైతులు మూఢులు కాబట్టి కొత్తదాన్ని కాదన్నారని దొరలు విసుక్కున్నారు. రుతుపవనం వరుస తెలిసిన రైతు, పన్ను కట్టవలసిన రైతు, ఆ పందెం కాయడానికి సిద్ధపడలేదు. ఆ మూఢత్వంలో ఎంత వివేకం వున్నదో నూటయాభై ఏళ్ల తర్వాత మనకు తెలిసివచ్చింది.

1853లో నిజాం అప్పుల పేరు చెప్పి ఆంగ్లేయులు బేరారును చేజిక్కించుకున్నారు. అది దేశంలోనే మేలైన పత్తి భూమి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం ప్రారంభం కాగానే మాంచెస్టరు చూపు ఇటు తిరిగింది. ధరలు ఆకాశానికంటాయి. 1865లో యుద్ధం ముగియగానే పడిపోయాయి. పత్తిని నమ్ముకొని అప్పు చేసిన రైతు అప్పుతో మిగిలాడు. తెలుగు మెట్ట రైతు ఎరుగని నౌకాశ్రయంలో ఆగిన తుపాకి, అతని పొరుగు సీమ చేని ధరను పడగొట్టింది. ప్రపంచ మార్కెట్టనే వస్తువు దక్కనుకు మొదట కనిపించిన తీరు ఇది.

దానివెంట 1876 – 78 మహా కరువు వచ్చింది. ఆ ఏడు రుతుపవనం విఫలం కావడానికి పసిఫిక్ సముద్రం వేడెక్కడం కారణమని నేటి శాస్త్రం చెబుతున్నది. దానినే ఎల్‌నినో అంటున్నారు. కాని మదరాసు రాష్ట్రం, మైసూరు, హైదరాబాదు సంస్థానం ఆకలితో అలమటిస్తున్నప్పుడు మన దేశంనుంచి ధాన్యం ఓడలెక్కి బ్రిటనుకు వెళ్లింది. అది పసిఫిక్ సముద్రం చేసిన పని కాదు. వాన తప్పడం ప్రకృతి చర్య. పండిన కాస్త తిండినీ ఓడ ఎక్కించడం రాజకీయ చర్య. ఈ భేదాన్ని గుర్తించనివారు నిన్నటి కరువునూ అర్థం చేసుకోలేరు, నేటి పత్తి సంక్షోభాన్నీ అర్థం చేసుకోలేరు.

నిజాం పాలన చివరి దశలో రెండు ధోరణులు కనిపిస్తాయి. ఒక వంక నాందేడు పరిశోధన కేంద్రంలో దేశవాళీ జాతినే మేలుచేసి గావరాణి పత్తిని వృద్ధి చేశారు. మన జాతి మొక్కతోనే మంచి పింజ సాధించవచ్చునని ఆ కృషి రుజువు చేసింది. 1934లో వరంగల్లులో ఆజంజాహీ మిల్లు వెలిసింది. మరో వంక మంజీర నీటిని 1931లో నిజాంసాగరు కట్టి వరికీ, చెరకుకూ మళ్లించారు. ఆ నీరు పారిన పల్లానికి మేలు జరిగిన మాట నిజం. కాని మెట్ట మెట్టగానే మిగిలింది. పాత మెదక్ జిల్లాలోని జోగిపేటలో 1930లో మొదటి ఆంధ్ర మహాసభ సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగినప్పుడు ఈ సీమ రైతు వానకూ, జాగీర్దారుకూ నడుమ నలుగుతూనే వున్నాడు. తర్వాతి దశాబ్దంలో ఆ మహాసభ జెండా కిందనే అతడు జాగీర్దారుపై తిరగబడ్డాడు. వానమీద తిరగబడడానికి జెండా చాలదు. నీరు, విత్తనం, ధర మూడూ అతని చేతిలో వుండాలి. ఆ మూడూ అతని చేతికి రాలేదు.

1947లో దేశ విభజనతో సింధు, పశ్చిమ పంజాబుల మేలైన పత్తి భూములు పాకిస్తానుకు పోయాయి. మిల్లులు ఇక్కడ మిగిలాయి. అప్పటికి మన పత్తి పొలాల్లో నూటికి 90కి పైగా దేశవాళీ జాతే. మిల్లుకు పొడుగు పింజ కావాలి. స్వతంత్ర ప్రభుత్వం మిల్లును మన మొక్కకు అనుగుణంగా మార్చడానికి పూనుకోలేదు; మొక్కనే మిల్లుకు అనుగుణంగా మార్చింది. కంపెనీవారు 1840లో చెయ్యలేకపోయిన పనిని మనమే చేసుకున్నాం. 1970లో సూరతులో సి. టి. పటేల్ ప్రపంచంలోనే తొలి వాణిజ్య సంకర పత్తిని విడుదల చేశాడు. శాస్త్రరీత్యా అది ఘనకార్యమే. అయితే సంకర విత్తనానికి ఒక గుణం వుంది: రైతు దాన్ని దాచుకొని మరుసటి ఏడు వేసుకోలేడు. ఏటా కొనవలసిందే. విత్తనం పంటనుంచి విడిపోయి సరుకైంది.

తర్వాతి కథ మన కళ్ల ముందు జరిగింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో 1987 – 88లో తెల్లదోమ చేలను కమ్ముకొంటే పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 1997 – 98లో వరంగల్లు జిల్లాలో అకాల వర్షాలు, లద్దె పురుగు, శనగపచ్చ పురుగు ఒక్కుమ్మడిగా విరుచుకుపడ్డాయి. పని చేయని మందులను అప్పు తెచ్చి కొట్టిన రైతులు చివరికి ఆ మందే తాగారు. 2002లో బీటీ పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చింది. మొదట విడుదలైన మూడు బీటీ రకాలకు 2005లో ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించలేదు. వాటి స్థానంలో వేరే బీటీ రకాలు వచ్చాయి. 450 గ్రాముల పొట్లానికి 1,600 రూపాయలకు పైగా గుంజుతుంటే, రాష్ట్ర ప్రభుత్వం గుత్త వ్యాపార నిరోధక కమిషనుకెక్కి 2006లో ధరను 750 రూపాయలకు దించింది. ప్రభుత్వం తలచుకుంటే విత్తన కంపెనీ మెడ వంచవచ్చునని ఆ సంఘటన నిరూపించింది. అందుకే దాన్ని మనవాళ్లు తరచు గుర్తు చేయాలి.

బీటీ మొదట శనగపచ్చ పురుగును అదుపు చేసిన మాట నిజమే. కాని గులాబీ రంగు పురుగు 2010 నాటికే మొదటి తరం బీటీని తట్టుకున్నది. మరికొన్ని ఏళ్లకు రెండో తరాన్ని కూడా జయించింది. నాగపూరు కేంద్ర పత్తి పరిశోధన సంస్థకు డైరెక్టరుగా పనిచేసిన కేశవ్ క్రాంతి, అమెరికన్ మానవశాస్త్రజ్ఞుడు గ్లెన్ స్టోన్ 2020లో ప్రచురించిన సమీక్ష గమనించదగినది. పెరిగిన దిగుబడిలో ఎరువుల పాత్ర బీటీ పాత్రకంటె ఎక్కువనీ, పురుగుమందుల ఖర్చు తిరిగి బీటీకి ముందున్న స్థాయిని మించిందనీ వారు తేల్చారు. ఇంకో విశేషం. అమెరికా, ఆస్ట్రేలియా రైతులు బీటీని సూటి రకాల్లో వేస్తారు. సంకర విత్తనాల్లోనే దాదాపుగా దాన్ని బంధించిన దేశం మనదే. సంకర విత్తనం ఖరీదైనది కాబట్టి మొక్కలు పలచగా వేస్తారు. మొక్క గుబురుగా పెరిగి, విడతలు విడతలుగా కాసి, ఆరు నెలలదాకా చేనిలో వుంటుంది.

వాతావరణ మార్పు సరిగ్గా ఇక్కడ వచ్చి తగులుతున్నది. వానలు మొత్తం మీద తగ్గాయా, పెరిగాయా అన్నది రైతుకు ముఖ్యం కాదు. వాటి వరుస తప్పడమే ముఖ్యం. విత్తిన తర్వాత వారాల తరబడి బెట్ట, ఆపైన ఒక్క రాత్రిలో నెల వాన, కాయ పగిలే అక్టోబరులో తిరిగి ముసురు. నల్లరేగడి దాటి ఎర్ర చెలకలకు ఎక్కిన పత్తికి ఈ బెట్ట కాలంలో నేల అడుగున తేమ దొరకదు. ఆరు నెలల పంట కాబట్టి అక్టోబరు, నవంబరు వానలను తప్పించుకోలేదు. ఆలస్యంగా వచ్చే కాయను గులాబీ పురుగు వదలదు. 2020లో నియంత్రిత సాగు పేరుతో రాష్ట్ర ప్రభుత్వమే పత్తిని ప్రోత్సహించగా తెలంగాణలో సాగు సుమారు 60 లక్షల ఎకరాలకు పెరిగింది. ఆ అక్టోబరులోనే కుండపోత వానలు కురిసి చేతికి వచ్చిన పత్తి నల్లబడింది. వెయ్యమన్న ప్రభుత్వం ఆ సంవత్సరం తిరక్కముందే నియంత్రిత సాగును విరమించుకున్నది. అదే ఏడు కేంద్ర పంటల బీమా పథకంనుంచి రాష్ట్రం వైదొలిగింది. రైతు మాత్రం తడిసిన చేనునుంచి వైదొలగలేడు.

ఇక చేను దాటి మార్కెటుకు పోదాం. 1970లో నెలకొన్న భారత పత్తి సంస్థ మద్దతు ధరకు కొంటుంది. పత్తిలో తేమ 8 శాతంలోపు వుంటే పూర్తి ధర; ఆపైన ప్రతి శాతానికీ కోత; 12 శాతం దాటితే కొనరు. ఈ నియమం కాగితంపై శాస్త్రీయంగానే కనబడుతుంది. కాని ముసురు పట్టిన నవంబరులో, ఆరబెట్టే కళ్లం లేని, గిడ్డంగి లేని, రెండు గదుల ఇంట్లో పత్తి కుప్ప పక్కన పడుకునే కౌలు రైతు 8 శాతం తేమ ఎక్కడనుంచి తేగలడు? అతడు కోత పెట్టించుకొని దళారికే అమ్ముతాడు. దళారి దాన్ని ఆరబెట్టి అమ్ముకుంటాడు. ఆకాశంనుంచి పడిన నీరు ఈ విధంగా వ్యాపారి లాభంగా మారుతున్నది. 2025లో యాప్‌లో ముందుగా పేరు నమోదు చేసుకోవాలన్నారు. ఎకరాకు 7 క్వింటాళ్లే కొంటామన్నారు. అదే సంవత్సరం ఆగస్టు 19నుంచి డిసెంబరు చివరిదాకా విదేశీ పత్తిపై 11 శాతం సుంకం ఎత్తివేశారు. మన చేలల్లో పత్తి ఏరే నెలలు సరిగ్గా అవే!

మద్దతు ధరల పట్టికను మరొకసారి చూడండి. 2025 – 26లో మధ్యరకం పింజకు క్వింటాలు 7,710 రూపాయలు, పొడుగు పింజకు 8,110 రూపాయలు. అంటే పింజ పొడుగుకు ధర వుంది. బెట్టకు తట్టుకున్నందుకు ధర లేదు. మందు లేకుండా పండినందుకు ధర లేదు. చేనిలో కందితో కలిసి నేలను కాపాడినందుకు ధర లేదు. రైతు ఏ మొక్క వేయాలో ఈ పట్టికే నిర్ణయిస్తున్నది. తర్వాత వాతావరణాన్ని తట్టుకునే వ్యవసాయం చెయ్యండని అతనికి ఉపన్యాసాలిస్తున్నారు!

అయితే మార్గం లేదా? వుంది, దాని ఆనవాళ్లు మన నేలమీదనే వున్నాయి. పాత ఖమ్మం జిల్లా పునుకుల రైతులు పురుగుమందులను క్రమంగా మానివేసి, 2004లో తమ ఊరిని మందులు లేని గ్రామంగా ప్రకటించుకున్నారు. పాత మెదక్ జిల్లా జహీరాబాదు ప్రాంతంలో, పస్తాపూరు కేంద్రంగా పనిచేసిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు మెట్ట చేలల్లో పలు పంటలు కలిపి వేసి, విత్తనాలను తమ ఇళ్లలోనే దాచుకున్నారు. చేనేత ఉద్యమంలో పనిచేసిన ఉజ్రమ్మ ప్రభృతులు మల్‌ఖా పేరుతో, దూదిని బేళ్లుగా బిగించకుండా పల్లె దగ్గరనే చిన్న యంత్రాలతో వడికి మగ్గానికి అందించే ప్రయత్నం చేశారు. ఆ ప్రయత్నం వెనుక వున్న ఆలోచన లోతైనది: పెద్ద మిల్లు కోరే ఏకరీతి పొడుగు పింజ నిర్బంధం తొలగితే, ఏ నేలకు తగిన పత్తి ఆ నేలలో పండవచ్చు. పరిశోధన సంస్థలు కూడా ఇప్పుడు తక్కువ కాలంలో కోతకు వచ్చే పొట్టి మొక్కలను దగ్గర దగ్గరగా వేసి, ఒకేసారి కాయించి, చివరి బెట్టనూ, గులాబీ పురుగునూ తప్పించుకొమ్మని చెబుతున్నాయి. ఇది మంచి మార్గమే. ఆ విత్తనాన్ని సూటి రకంగా రైతు చేతికిస్తారా, మళ్లీ సంకర పొట్లంగా అమ్ముతారా అన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రయత్నాలకున్న పరిమితిని మనం దాచరాదు. ఇవి చిన్నవి. పునుకుల ఒక ఊరు. మల్‌ఖా కొన్ని మగ్గాలు. దేశవాళీ విత్తనం నేడు చల్లితే రేపు గిట్టుబాటవుతుందని రైతుకు చెప్పడం మోసం. అతని అప్పు ఆ తక్కువ దిగుబడితో తీరదు. మిల్లు, ధర, సుంకం, బీమా అలాగే వుండగా విత్తనం ఒక్కటే మారితే నష్టం మళ్లీ రైతుదే. అందుచేత విత్తనాన్ని గురించిన డిమాండు ఒంటరిగా నిలవదు. పొడుగు పింజకు ఇచ్చినట్లే వర్షాధారానికి తగిన రకాలకూ మద్దతు ధర. ప్రతి పత్తి గ్రామంలో ఆరబెట్టే కళ్లం, గిడ్డంగి. పంట కోతకు వచ్చే నెలల్లో దిగుమతిపై సుంకం. కౌలు రైతు పేరనే బీమా, పరిహారం. చిన్న జిన్నింగు, నూలు యంత్రాలకు సహకార సంఘాల ద్వారా పెట్టుబడి. ఇవన్నీ ఒకే గొలుసుకు చెందిన కొక్కేలు. ఒకటి వదిలి ఒకటి పట్టుకుంటే గొలుసు రాదు.

విద్యార్థి మిత్రులకూ, ఉపాధ్యాయ మిత్రులకూ ఒక మనవి. మన పాఠ్యపుస్తకాల్లో వాతావరణం భూగోళ శాస్త్రంలో వుంది, పత్తి వ్యవసాయ శాస్త్రంలో వుంది, అప్పు ఆర్థిక శాస్త్రంలో వుంది. మెదక్ రైతు జీవితంలో ఈ మూడూ ఒకే చేనిలో వున్నాయి. మీ ఊరి ముసలివారిని అడగండి: ఏ పత్తి వేసేవారు, ఏ నెలలో ఏరేవారు, గింజ ఎక్కడ దాచేవారు, దూది ఎవరు ఏకేవారు? మీ మార్కెటు యార్డులో నవంబరు ముసురులో ఒక పూట నిలబడి, తేమ కొలిచే యంత్రం ముందు ఎవరి ముఖం ఎలా మారుతుందో చూడండి. రాసి పెట్టండి. వాన మారిందని పాలకులు చెప్పినప్పుడు, బేరం ఎప్పుడు, ఎవరి కోసం మారిందో చెప్పగల చరిత్ర మన చేతిలో సిద్ధంగా వుండాలి.